పరుగు తాడు

మా ఇంట్లో కుర్చీ జరపడం ఖూనీ చేయడంతో సమానం. బీరువా తలుపు ఓరగా వదిలేసినా, స్నానాల గదిలో బకెట్టు జానెడు ఇవతల పెట్టినా, నేనీ ఇంటి యజమానినని కూడా చూడకుండా అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి నన్ను ఉతికి ఆరేసేవారు. అక్క మా ఆవిడ. చెల్లెలు నా మరదలు, తనకి చూపు లేదు. ఏ వస్తువు ఎక్కడుండాలో అక్కడుంటే మా మరదలు ఇంట్లో నాకంటే చురుగ్గా తిరుగుతుంది. నేను రెండు కళ్ళూ పెట్టుకుని రోజూ మంచం కోడుకి కాలి బొటనవేలు తగిలించుకుంటాను.

నేను లిఫ్టు మెకానిక్‌ని. పైకీ కిందికీ తిరగడం తప్ప నా ఒంటికి వేరే వ్యాయామం లేదు, ఆ తిరగడం కూడా నిలబడే. మా ఆవిడకి ఆసుపత్రి కుట్టుగదిలో పని. ఆపరేషన్ గౌన్లు, దుప్పట్లు, దిండు గలీబులు, స్ట్రెచర్ పట్టీలు అన్నీ తన మిషను కిందినుంచి పోవలసిందే. మరదలు అదే ఆసుపత్రిలో టెలిఫోను దగ్గర కూర్చుంటుంది. అవతలివాళ్ళు "హలో" అనీ అనకముందే వీళ్ళకి ప్రసూతి వార్డు కావాలా, శవాల గది కావాలా అన్నది గొంతుని బట్టి పట్టేస్తుంది.

స్కూలు చదువు చివరి ఏడు తనకి జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, చూపు మాత్రం తిరిగి రాలేదు. అమ్మానాన్నలు అప్పటికే లేరు. మా పెళ్ళికి మా ఆవిడ పెట్టిన షరతు ఒకటే, చెల్లి మనతోనే ఉంటుందని. నేను సరేనన్నాను. ఒక్క పెళ్ళికి ఇద్దరి చేత చీవాట్లు తినాలని అప్పుడెవరూ నాకు చెప్పలేదు.

మొదట్లో ఆ పిల్ల గది మూల కూర్చుని కదిలేది కాదు. లేస్తే ఏదో ఒకటి తగులుతుంది, తగిలితే నొప్పికంటే ముందు సిగ్గు. ఆసుపత్రిలో కాళ్ళూ చేతులూ పట్టు తప్పినవాళ్ళ కోసం ఒక ఈతకొలను ఉంది. మా ఆవిడ ఎవర్ని బతిమాలుకుందో, ఎన్ని గౌన్లు ఊరికే కుట్టిపెట్టిందో, ఆ కొలనులో దిగడానికి అనుమతి తెచ్చింది. తనకే ఈత రాదు. చెల్లికి నేర్పడం కోసం ముందు తను నేర్చుకుంది. పిల్లల వరసలో నిలబడి, రబ్బరు ట్యూబు నడుముకి తగిలించుకుని, నీళ్ళు మింగి, దగ్గి, మళ్ళీ దిగి. నేను గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను.

ఆ తరవాత ఒకరోజు చెల్లిని దింపింది. మరదలు కాసేపు అక్క భుజాన్ని గుంజగా పట్టుకుని వేలాడింది. తరవాత వదిలింది. అటు చివరిదాకా వెళ్ళి, గోడ ముట్టుకుని, నీళ్ళలోంచి తల పైకెత్తి నవ్వింది. ఆ గది మూల కూర్చున్న పిల్లేనా ఈ పిల్ల అనిపించింది.

"నీళ్ళల్లో కుర్చీలుండవు బావా!" అంది.

అక్కడ మొదలైంది. ఈత తరవాత రెండు సీట్ల సైకిలు వచ్చింది, ముందు అక్క, వెనక చెల్లి. సైకిలు తరవాత పరుగు. ఈ మూడూ వరసగా ఒకే పొద్దున చేసే పోటీ ఒకటుందని, దాన్ని ట్రయథ్లాన్ అంటారని, మాలాంటి మామూలు జనం కూడా అందులో దిగొచ్చని కొలను దగ్గర ఎవరో చెప్పారు. చెప్పినవాళ్ళెవరో తెలిస్తే వెళ్ళి నాలుగు దులుపుదామని చాలా తెల్లవారుజాముల్లో అనుకున్నాను. ఇంట్లో తలుపుకో తడి టవలు, కుర్చీకో తడి టవలు. నా లుంగీ ఆరేసుకోవడానికి తీగ మీద చోటుండేది కాదు.

నీళ్ళల్లో ఇద్దరి నడుములకీ కట్టుకునే తాడు బజారులో కొన్నదే. దానికి బకిల్స్ ఉంటాయి, ఎవరికైనా సరిపోతుంది. పరుగు తాడు మాత్రం మా ఆవిడ స్వయంగా కుట్టింది. స్ట్రెచర్ పట్టీ ముక్క ఒకటి తీసుకుని, రెండు చివర్లా చెయ్యి దూర్చుకునే చేతిపట్టు పెట్టి, ఒరుసుకోకుండా లోపల పాత దుప్పటి గుడ్డ వేసింది. ఒక చివర చెల్లి కుడిచెయ్యి, ఇంకో చివర అక్క ఎడమచెయ్యి. చేతిపట్టు వదులైతే తాడు చెప్పే కబురు చేతికి అందదట, బిగువైతే వేళ్ళు మొద్దుబారతాయట. మలుపు దగ్గర మణికట్టు కొంచెం తిప్పితే చాలు, గొయ్యి దగ్గర చిన్న గుంజు. నోరు విప్పక్కర్లేదు. లిఫ్టు తాళ్ళు రోజూ చూసేవాణ్ణి, నాకు తాడంటే బరువు మోసేదే. మాట్లాడే తాడుని అక్కడే చూశాను.

పోటీలో ఒక నియమం ఉంది. దారి చూపించే మనిషి ఎదటి మనిషిని లాక్కెళ్ళకూడదు, ఆఖరి గీత దాటేటప్పుడు ముందుండకూడదు. అలా ఉంటే పడిన కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. మా ఆవిడ గీత దగ్గరికి రాగానే అరడుగు వెనక్కి తగ్గేది. మొత్తం దారిలో నాకు బాగా నచ్చేది ఆ అరడుగే. గుంపులో నిలబడి దానికోసమే చూసేవాణ్ణి.

పోటీకి ముందురోజు మధ్యాహ్నం సంచి సర్దే కార్యక్రమం. సర్దేది మరదలు, ఇంకెవరూ వేలు పెట్టకూడదు. నేల మీద చాప పరిచి అన్నీ జతలుగా పరుచుకునేది. రబ్బరు టోపీలు, నీళ్ళ కళ్ళజోళ్ళు, హెల్మెట్లు, లోపల పౌడరు చల్లి చుట్టిన మేజోళ్ళు, తాళ్ళకి బదులు ఎలాస్టిక్ ఎక్కించిన బూట్లు, వాజలైను, సైకిలు పంపు. నీళ్ళలోంచి తడిచేతులతో వచ్చి సంచిలో చెయ్యి పెడితే మొదట తగలాల్సింది పైన ఉండాలి, పరుగుకి కావలసినవి అడుగున. చెల్లి వాటికి గుర్తులేవీ ఉండవు. అక్క వాటికి లోపల ఒక చొక్కా బొత్తాం కుట్టి ఉంటుంది. ఆ బొత్తాలు ఎక్కడివని నన్నడగండి. నా చొక్కాలు ఏళ్ళ తరబడి పొట్ట దగ్గర నోరు తెరుచుకుని తిరిగాయి.

ఇలా సాగుతుండగా మా ఆవిడ లిఫ్టెక్కింది.

ఇది చెబితే జనానికి అర్థం కాదు. లిఫ్టు మెకానిక్ పెళ్ళామై ఉండి, కాపరానికొచ్చిన నాటినుంచి ఒక్కసారి కూడా తను లిఫ్టెక్కలేదు. కూరగాయల సంచులతో కూడా మెట్లే. "నీ పెట్టెలు ముసలాళ్ళకి" అని నన్ను ఏడిపించేది. ఆ రోజు మా బిల్డింగు లిఫ్టుకి గ్రీజు పెట్టడానికి కింద నిలబడి ఉన్నాను. మా ఆవిడ పనినుంచి వచ్చి, నన్ను చూసి, చూపు తిప్పుకుని, లోపలికెళ్ళి మీట నొక్కింది. తలుపు మూసుకుంది. నా చేతిలో గ్రీజు డబ్బా అలాగే ఉండిపోయింది. ఏదో జరిగిందని నాకు అప్పుడే తెలిసిపోయింది.

నిలదీస్తే చెప్పింది. గుండె కండరం బలహీనపడిందట, బాగయ్యే జబ్బు కాదట, మందులతో నెట్టుకురావాలట. మెట్లు ఎక్కొద్దు, పరుగెత్తొద్దు, నీళ్ళ జోలికి అసలే పోవద్దు. డాక్టరు చెప్పి అప్పటికే చాలా రోజులైంది.

"మరి ఇంకా కొలనుకి పోతున్నావుగా?"

"గట్టు మీద కూచుంటున్నాను. జలుబు చేసిందని చెప్పాను దానికి."

"చెల్లికి నిజం చెప్పొద్దూ?"

"చెబితే మానేస్తుంది," అంది. "నువ్వు లేకపోతే నేను నీళ్ళల్లో దిగనని మొదటిరోజే ఒట్టు పెట్టుకుంది. దాని మొండితనం తెలీదా మీకు? మళ్ళీ ఆ మూలకి పోయి కూచుంటుంది. నేను పోయేలోగా దాన్ని ఇంకో చేతిలో పెట్టాలి."

"పోవడమేంటి, నోరు ముయ్యి," అన్నాను. నాకు కోపం వస్తే వచ్చే మాటలు నాలుగే, అందులో ఇదొకటి.

ఆ ఇంకో చెయ్యి డ్రిల్లు టీచరుది. కొలను దగ్గర పరిచయం, పొడుగాటి మనిషి, చేటల్లాంటి చేతులు. మా ఆవిడ ఆమెని బతిమాలి ఒప్పించి, చెల్లి ఫోను డ్యూటీలో ఉన్నప్పుడు పార్కుకి తీసుకెళ్ళి, తన కళ్ళకి గంత కట్టుకుని ఆ టీచరు చేత తాడు పట్టించుకుని నడిచేది. ఎక్కడ మణికట్టు తిప్పాలో, ఎక్కడ గుంజాలో, గీత దగ్గర అరడుగు ఎలా తగ్గాలో అన్నీ నేర్పింది. చూసినవాళ్ళు ఈ ఇద్దరికీ పిచ్చి ముదిరిందనుకుని ఉంటారు.

ఇంకో వింత కూడా అప్పుడే మొదలైంది. మా ఆవిడ కనిపించినవాళ్ళందరికీ షేక్‌హ్యాండ్ ఇవ్వసాగింది. మందుల షాపాయనకి, పక్కింటి పిన్నికి, సైకిలు రిపేరతనికి, కొలను దగ్గర టిక్కెట్లిచ్చే అమ్మాయికి. ఇచ్చి వదిలేస్తే ఫరవాలేదు, పట్టుకుని అలా కాసేపు ఉంచేది. "ఎలక్షన్లో నిలబడే ఉద్దేశం ఏమైనా ఉందా?" అని అడిగాను. "నిలబడితే మీ ఓటు నాకేగా," అంది. ఒకరోజు నేను టీవీ చూస్తుంటే పక్కన కూర్చుని నా చెయ్యి కూడా అందుకుంది. చాలాసేపు వదల్లేదు. ఈ వయసులో ఇదేమిటని సిగ్గేసింది, చెయ్యి లాక్కోబుద్ధి కూడా కాలేదు. పాపం, భయంగా ఉందేమో, ప్రేమేమో అనుకున్నాను.

పోటీ ముందురోజు వచ్చింది. చాప పరిచారు. సంచి జిప్పు వేసేలోగా చెబుతానని మా ఆవిడ నాకు మాటిచ్చింది. టోపీలయ్యాయి, హెల్మెట్లయ్యాయి. మా ఆవిడ నోరు తెరవడం, మూయడం. నేను గుమ్మంలో టీ కప్పులు పట్టుకుని నిలబడి కళ్ళతో సైగలు చేస్తున్నాను. ఆ సైగలు చూడగలిగిన మనిషి చూడనట్టు నటిస్తోంది.

మరదలు పరుగు తాడు చేతిలోకి తీసుకుంది. చుట్టబోతూ ఆగింది. తన చివర తడిమింది. రెండో చివర తడిమింది. చేతిపట్టులో తన చెయ్యి దూర్చి, అటూ ఇటూ తిప్పి చూసింది. అది వదులుగా వేలాడింది.

"అక్కా."

"ఊఁ."

"ఇది ఎవరి చెయ్యి?"

మా ఆవిడ అదే పట్టీ వాడింది, అదే దారం, అదే కుట్టు. పాత గుడ్డనే విప్పి మళ్ళీ వేసింది. చెల్లికి పసిగట్టడం చేతకాదనుకుంది, ఇన్నేళ్ళు పక్కనుండి కూడా. అంత తెలివైన మనిషి చేసే పొరపాటేనా అది?

"నీది కాదు," అంది మరదలు. "నాది కాదు. బావది అసలు కాదు, బావ చెయ్యి డబుల్ రొట్టె. ఎవరిది?"

"డ్రిల్లు టీచరుది."

"ఎందుకు?"

మా ఆవిడ చెప్పింది. కుట్టుగదిలో కొలతలు చెప్పినట్టు ముక్తసరిగా, గుండె, డాక్టరు, మందులు. మరదలు తాడుని మోకాళ్ళ మీద పెట్టుకుని వింది.

"నాకు తెలుసు," అంది చివరికి. "నువ్వు మెట్లెక్కి వస్తుంటే నీ చెప్పుల చప్పుడు వినబడేది. ఇప్పుడు లిఫ్టు తలుపు చప్పుడు వినబడుతోంది. బావ ఉద్యోగం మీద నీకు కొత్తగా మోజు పుట్టిందనుకుంటానా? నువ్వే చెబుతావని చూస్తున్నాను."

తరవాత సంచిలో చెయ్యి పెట్టి, బొత్తాం తగిలినవన్నీ బయటికి తీసింది. అక్క టోపీ. అక్క కళ్ళజోడు. అక్క హెల్మెట్టు. అక్క మేజోళ్ళు. అక్క బూట్లు. ఒక్కొక్కటే తీసి అక్క ఒళ్ళో పెట్టింది. నా చేతిలో టీ చల్లారిపోయింది. ఆ ఒడి నిండిపోవడం చూడలేక నేను గోడవైపు తిరిగాను.

"అయిపోయింది," అంది మరదలు. "ఇక నావి కూడా తీసేస్తాను. నేను వెళ్ళను."

మా ఆవిడకి కోపం రావడం ఆ నెలల్లో నేను చూడలేదు. అప్పుడు చూశాను.

"ఏది, మళ్ళీ అను! ముసలిదానివయ్యేదాకా నా కొంగు పట్టుకుని తిరుగుదామనుకున్నావా? సరే, ఇవన్నీ మళ్ళీ సంచిలో పెట్టు. పెట్టవే! రేపు నేనే దిగుతాను నీతో. ఏమైతే అయింది. టీచరుతో దిగుతావా, నాతోనా? రెండిట్లో ఒకటి చెప్పు. మూడోది లేదు."

"అక్కా, అలా మాట్లాడకు."

"చెప్పమంటున్నానా!"

మరదలి కళ్ళు చూడలేవుగానీ ఏడవగలవు. చాలాసేపు ఏడ్చింది. మా ఆవిడ దగ్గరికి తీసుకోలేదు. తీసుకుంటే ఇద్దరూ మెత్తబడిపోతారని తనకి తెలుసు, ఒళ్ళో ఉన్న బూట్లని రెండు చేతులా గట్టిగా పట్టుకుని కూర్చుంది. చివరికి మరదలు ముక్కు తుడుచుకుని, తాడుని జాగ్రత్తగా చుట్టి, సంచి అడుగున పెట్టింది. జిప్పు లాగింది. ఇద్దరి సామాను పట్టే సంచిలో ఒక్కరి సామాను, పక్కలు లోపలికి పడిపోయాయి.

పోటీ ఊరికి దూరంగా, ఒక సరస్సు దగ్గర. ఆఖరి గీత పక్కన మడత స్టూలు వేసి మా ఆవిడని కూర్చోబెట్టాను, లేవొద్దని వార్నింగిచ్చాను. వాళ్ళు నీళ్ళల్లో దిగినప్పుడు తన చేతులు ఒళ్ళో కదిలాయి, ఈదుతున్నట్టు. సైకిలు మీద పోతున్నప్పుడు కాళ్ళు ఆడాయి. పరుగు మొదలయ్యాక మాత్రం ఎడమచెయ్యి పిడికిలి బిగించి అలాగే ఉంచుకుంది.

వాళ్ళు మలుపు తిరిగి వచ్చారు. గీత దగ్గర డ్రిల్లు టీచరు అరడుగు వెనక్కి తగ్గింది, అచ్చు నేర్పినట్టు. మరదలు గీత దాటింది. జనం చప్పట్లు కొట్టారు. మరదలు ఎడమచేత్తో పక్క మనిషి భుజం తడిమి, అది ఎత్తుగా ఉండేసరికి చెయ్యి దించేసుకుంది.

"అక్కా!" అని అరిచింది.

చప్పట్లన్నీ ఆగాక, మా ఆవిడ ఒక్కతే మెల్లిగా చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడు పట్టుకుని మరదలు నేరుగా వచ్చి స్టూలు ముందు కూలబడింది.

"టీచరుగారు చెబుతున్నారు, పోయినసారి కంటే తొందరగా వచ్చానట."

"చూశావా? ఇన్నాళ్ళూ నిన్ను వెనక్కి లాగింది నేనన్నమాట," అని నవ్వింది మా ఆవిడ. డ్రిల్లు టీచరు చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆమెకి వందసార్లు థాంక్స్ చెప్పింది. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో మరదలు నిద్రపోయింది. మా ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తన భుజం అదురుతుంటే తెలిసింది, ఏడుస్తోందని. ఆనందమా, బాధా అని అడగలేదు. రెండూ ఉంటాయి కదా మరి.

ఆ వానాకాలం పోయేలోపే మా ఆవిడ పోయింది. ఆఖరివారం దాకా కుట్టుగదికి వెళ్ళొచ్చింది, ఇంట్లో ఉండమంటే వినలేదు. పోయింది కూడా ఆ ఆసుపత్రిలోనే, తను అంచు కుట్టిన దుప్పటి మీదే. నర్సు దాన్ని మొహం మీదికి లాగుతుంటే ఆ అంచు కుట్టు నేను గుర్తుపట్టాను. ఆ తరవాతి రోజుల గురించి చెప్పడం నాకు చేతకాదు.

మరదలు డ్యూటీకి వెళ్ళేది, వచ్చేది. వచ్చి మూల కూర్చునేది. సంచి కొక్కేనికి వేలాడుతూ ఉండేది. డ్రిల్లు టీచరు రెండు మూడుసార్లు ఇంటికొచ్చింది. "కనీసం కొలనుకైనా రా," అంది. "ఇంక నాకెందుకు టీచరుగారూ, వద్దు," అంది మరదలు, మర్యాదగా, ఫోనులో మాట్లాడే గొంతుతో. ఒకరోజు నేను పరధ్యానంలో బకెట్టు దారిలో వదిలేశాను. మరదలు దాన్ని తన్నుకుని, మోకాలు కొట్టుకుని పడింది. పరుగెత్తుకెళ్ళాను, తిట్లకి సిద్ధపడి. తను లేచి, మోకాలు నిమురుకుని, ఏమీ అనకుండా మూలకి వెళ్ళిపోయింది. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. మా ఆవిడ భయపడ్డదంతా కళ్ళముందే జరుగుతోంది, నేనేమో స్క్రూ డ్రైవరు తప్ప ఏదీ పట్టడం రానివాణ్ణి.

కుట్టుగది పెద్దావిడ కబురు పెట్టింది, సొరుగు ఖాళీ చేసి తీసుకుపొమ్మని. వెళ్ళాను. కత్తెర, టేపు, కళ్ళజోడు, సగం తిన్న బిస్కెట్ల పొట్లం. అడుగున ఒక దిండు గలీబు, మూతి ముడేసి ఉంది. ఇంటికి తెచ్చి విప్పితే తాళ్ళు. అన్నీ పరుగు తాళ్ళే, స్ట్రెచర్ పట్టీవి. చుట్టి, ఒక్కొక్కదానికీ దారంతో ముడివేసి ఉన్నాయి. నాకేమీ అర్థం కాలేదు. తీసుకెళ్ళి మరదలి ఒళ్ళో పెట్టాను.

తను ఒక తాడు విప్పింది. ఒక చివర చెయ్యి దూర్చింది, సరిగ్గా పట్టింది. రెండో చివర తడిమింది. మొహం కొంచెం అటు తిరిగింది, ఎవరైనా పిలిచినప్పుడు తిరిగినట్టు.

"ఇది మందుల షాపాయనది," అంది. "చిటికెనవేలు వంకర, ఈ పక్క ఒదులు పెట్టింది."

ఇంకోటి విప్పింది. "పక్కింటి పిన్నిది. ఉంగరాల చెయ్యి." ఇంకోటి. "ఇది టిక్కెట్లమ్మాయి. చిన్న చెయ్యి." ఇంకోటి విప్పి తడిమి ఆగిపోయింది. "ఇది తెలీట్లేదు. ఇదీ తెలీదు. అక్కకి ఎక్కడ దొరికారో వీళ్ళంతా."

అప్పుడు నా బుర్రకెక్కింది, ఆ షేక్‌హ్యాండ్ల సంగతి. ఏ చెయ్యైనా ఒకసారి పట్టుకుంటే చాలు, టేపక్కర్లేదు మా ఆవిడకి. టీచరుకి బదిలీ కావచ్చు, జ్వరం రావచ్చు, ఇంకెవరో దొరకొచ్చు. తను పోయాక చెల్లి పక్కన ఏ చెయ్యి ఉండాల్సొచ్చినా అది సరిపోక ఆగిపోకూడదు. అందుకని మనిషి మనిషినీ పట్టుకుని కొలుచుకుని, రొప్పుతూ, ఆ సొరుగు ముందు కూర్చుని ఇవన్నీ కుట్టింది.

మరదలు వెడల్పాటి చేతిపట్టున్న తాడొకటి చేతిలో పట్టుకుని నవ్వింది. అక్క పోయాక అదే మొదటి నవ్వు. "బావా, చెయ్యి ఇలా పట్టు."

దూర్చాను. నా రొట్టెలాంటి చేతికి అది గ్లవుజులా కుదిరింది, ఒరుసుకోకుండా బొటనవేలు దగ్గర గుడ్డ రెండు మడతలు. టీవీ ముందు మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని కూర్చున్న ఆ రోజు ప్రేమనుకున్నాను. కొలుస్తోందన్నమాట. నేననుకున్నదీ తప్పు కాదు. అక్కడే నేల మీద కూర్చుని, మరదలు వింటుందని కూడా చూడకుండా, పెద్దగా ఏడ్చాను.

నేను ఏడుస్తుంటే మరదలు గలీబులోకి మళ్ళీ చెయ్యి పెట్టింది. విప్పిన తాళ్ళని మొదటినుంచి మళ్ళీ తడిమింది. గలీబు తిరగేసి దులిపింది, మూలలు వేళ్ళతో నొక్కి చూసింది. ఏం వెతుకుతోందో నేను అడగలేదు. ఆ గలీబులో అందరి చేతులూ ఉన్నాయి, అక్క చెయ్యి ఒక్కటే లేదు.

చాలాసేపటికి మరదలు లేచింది. బూట్లు వేసుకుంది. నా తాడు రెండో చివర తన చేతికి తొడుక్కుని ఒక్క గుంజు గుంజింది.

"పద బావా. పరుగెత్తడం నీవల్ల కాదుగానీ, పార్కు దాకా నడువు చాలు."

మెట్లమీంచే దిగాం. సగం దిగేసరికి నాకు ఆయాసం, నా చేతిలో తాడు వణుకుతోంది, తనకి తెలిసిపోతూనే ఉంటుంది. వీధి గుమ్మం దగ్గర గడప ఉంది. అక్కడికి రాగానే నేను అరడుగు వెనక్కి తగ్గాను, మరదలు ముందు దాటింది.